రివర్బ్ వెడల్పు ఏ గడియారం ప్రకారం మారాలి?

పాటకు రివర్బ్ (హాల్లో పాడినట్టు వినిపించే ప్రతిధ్వనుల తోక) పెట్టేటప్పుడు చాలామందికి ఒకచోట చెయ్యి ఆగిపోతుంది. రివర్బ్ వెడల్పును మార్చే విడ్త్ నాబ్ నూరుకు తిప్పితే హాలు బ్రహ్మాండంగా విచ్చుకుంటుంది, కానీ గాయని గొంతు మధ్యలో నిలబడదు, అంచులు చెదిరిపోతాయి. నలభైకి దించితే గొంతు గట్టిగా నిలుస్తుంది, కానీ చుట్టూ ఉన్న చోటు మాయమైపోతుంది. రివర్బ్ అంతా ఆమె వెనకాల గుట్టగా పోసినట్టు ఉంటుంది. డెబ్బై దగ్గర రాజీపడితే రెండు లోపాలూ సగం సగం మిగులుతాయి. ఈ పీటముడి విప్పాలంటే నాబ్ ఎక్కడ ఉంచాలి అన్న ప్రశ్నను పక్కన పెట్టి, వెడల్పు ఎప్పుడు ఎంత ఉండాలి అని అడగాలి.

ఒక అక్షరం పలికాక దాని రివర్బ్ రెండు సెకన్లదాకా బతికే ఉంటుంది. మొదటి యాభై మిల్లీ సెకన్లలో అది చేసే పని వేరు, సెకను తర్వాత చేసే పని వేరు. రెండింటికీ ఒకే వెడల్పు అంటగట్టడమే అసలు తంటా.

ముందు వెడల్పు అంటే ఏమిటో తేల్చుకుందాం. ఎడమ, కుడి ఛానెళ్లు ఒకదానికొకటి ఎంత పోలి ఉన్నాయన్నదే వెడల్పు. అచ్చం ఒకేలా ఉంటే ఈ పోలికను కొలిచే కోరిలేషన్ మీటర్ ప్లస్ 1 చూపిస్తుంది, శబ్దం నట్టనడుమ చుక్కలా వినిపిస్తుంది. రెండింటికీ సంబంధమే లేకపోతే మీటర్ సున్నా దగ్గర ఉంటుంది, శబ్దం రెండు స్పీకర్ల మధ్య అంతటా పరుచుకుంటుంది. ఒకటి ఇంకొకదానికి తలకిందులైతే మైనస్ 1. అప్పుడు శబ్దం ఎక్కడుందో చెవికి అంతుపట్టదు, తల లోపల ఏదో లాగినట్టు ఉంటుంది. రెండు ఛానెళ్లను కూడి సగం చేస్తే మిడ్, ఒకదాంట్లోంచి ఇంకొకటి తీసి సగం చేస్తే సైడ్. ఈ కూడిక, తీసివేతల ఆలోచన ఇంజనీరు అలన్ బ్లమ్‌లీన్ 1931లో బ్రిటన్‌లో దాఖలు చేసిన స్టీరియో పేటెంట్‌లోనే ఉంది. నేటి ప్లగిన్లలో (కంప్యూటర్‌లో రికార్డింగుకు జోడించే సాఫ్ట్‌వేర్ పరికరాల్లో) విడ్త్ నాబ్ చాలావరకు చేసే పని సైడ్‌ను పెంచడం, తగ్గించడం. అంతకుమించి ఏమీ లేదు.

మంచి హాలు ఏం చేస్తుంది

వియన్నాలో 1870లో కట్టిన మ్యూజిక్‌ఫెరైన్ హాలు వెడల్పు సుమారు 19 మీటర్లు, ఎత్తు దాదాపు 18 మీటర్లు. వేదిక మీది వాయిద్యానికి ఇరవై మీటర్ల ఎదురుగా, హాలు మధ్యగీత మీద కూర్చున్నామనుకోండి. పక్క గోడకు తగిలి వచ్చే శబ్దం సుమారు 27.6 మీటర్లు ప్రయాణిస్తుంది. అంటే నేరుగా వచ్చిన దానికంటే ఏడున్నర మీటర్లు ఎక్కువ. సెకనుకు 343 మీటర్ల లెక్కన దాదాపు 22 మిల్లీ సెకన్లు ఆలస్యం. పైకప్పు నుంచి దిగే శబ్దానికి ఆలస్యం యాభై మిల్లీ సెకన్ల పైనే. బాల్కనీలను పక్కన పెట్టి వేసిన మోటు లెక్కే ఇది. అయినా వరస తెలుస్తుంది: ముందు పక్కల నుంచి, తర్వాత పైనుంచి.

ఈ వరస ఎందుకు ముఖ్యమంటే, పైకప్పు నుంచి వచ్చేది రెండు చెవులకూ ఒకే క్షణంలో, ఒకేలా చేరుతుంది. దాంతో గట్టిదనం పెరుగుతుంది తప్ప వెడల్పు రాదు. పక్క నుంచి వచ్చేదే రెండు చెవుల మధ్య తేడా పుట్టిస్తుంది. శబ్దశాస్త్రజ్ఞులు మైకేల్ బారన్, హెరాల్డ్ మార్షల్ 1981లో ప్రచురించిన పనిలో దీన్నే కొలతకు తెచ్చారు. మొదటి 80 మిల్లీ సెకన్లలో చేరే మొత్తం శక్తిలో పక్కల నుంచి వచ్చేది ఎంత అని చూశారు. ఆ వాటా పెరిగినకొద్దీ వాయిద్యం తన అసలు పరిమాణం కంటే వెడల్పుగా వినిపిస్తుంది.

80 మిల్లీ సెకన్ల తర్వాత పక్కల నుంచి వచ్చే శక్తి ఇంకో అనుభూతినిస్తుంది. అప్పుడు వాయిద్యం వెడల్పు కాదు, మనం శబ్దం మధ్యలో కూర్చున్నామన్న భావన కలుగుతుంది. బ్రాడ్లీ, సూలొడ్ర్ అనే పరిశోధకులు 1995లో ఈ రెండింటినీ విడదీసి చూపించారు. మొదటి భాగం పాడేవాళ్లకు చెందింది, రెండో భాగం వినేవాళ్లకు చెందింది. నా దృష్టిలో ఈ వ్యాసం మొత్తానికి ఇదే ఇరుసు.

ఇక్కడే ఒక పేరు చెప్పాలి. 1960ల మొదట్లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధనశాలలో డిజిటల్ రివర్బ్‌కు పునాది వేసిన మాన్‌ఫ్రెడ్ ష్రోడర్, 1974లో సహచరులతో కలిసి ఐరోపా హాళ్లను పోల్చి చూశాడు. రెండు చెవుల్లో పడే శబ్దాల మధ్య పోలిక తక్కువగా ఉన్న హాళ్లనే శ్రోతలు ఎక్కువ మెచ్చారని ఆ పనిలో తేలింది. రివర్బ్ గణితం రాసిన చేతులే వెడల్పు విలువనూ గుర్తించాయి. కానీ స్టూడియోల్లో అప్పటికే అలవాటుపడిన పరికరం వేరు. 1957లో జర్మనీలో వచ్చిన ఇ.ఎం.టి. 140లో ఒక పెద్ద ఉక్కు రేకు వేలాడుతూ ఉంటుంది. స్టీరియో రకంలో దానికి రెండు పికప్‌లు. అవి ఎక్కడ బిగించి ఉన్నాయో దాన్నిబట్టే వెడల్పు. సమయంతోపాటు దాన్ని మలిచే దారి లేదు. ఆ రేకు సొగసు వేరు, నాకు ఇప్పటికీ ఇష్టం. కానీ వెడల్పు ఒక స్థిరమైన అంకె అన్న అలవాటు మనకు అలాంటి పరికరాలతోనే వచ్చిందనుకుంటాను.

గొంతు విషయంలో హాలును అనుకరించకండి

మన పాటల్లో గొంతు నట్టనడుమ, దగ్గరగా, మాట మాటా తెలిసేలా ఉండాలి. మ్యూజిక్‌ఫెరైన్‌లో వయొలిన్ల బృందానికి మేలు చేసే తొలి వెడల్పు ఇక్కడ గొంతును పలచన చేస్తుంది. అందుకే సోలో వోకల్‌కు తొలి భాగం ఇరుకుగా మొదలుపెట్టి, 250 మిల్లీ సెకన్లు వచ్చేసరికి పూర్తిగా తెరవడం మంచిదని నా అభిప్రాయం. పాడేవాళ్ల భాగాన్ని మధ్యలోనే ఉంచి, వినేవాళ్ల భాగాన్ని పూర్తిగా విప్పడమన్నమాట. వయొలిన్లకు, కోరస్‌కు మాత్రం మొదటి నుంచీ వెడల్పు ఇచ్చేయవచ్చు.

ఇంతవరకూ ఒప్పుకున్నవాళ్లు కూడా అమలులో ఎక్కువగా తడబడేది ఒకే చోట. వెడల్పును కాలంతో మార్చాలి అనగానే వెంటనే ఆటోమేషన్ లేన్ (పాట నడుస్తుండగా నాబ్‌ను దానంతటదే తిప్పించే చోటు) తెరిచి గీత గీస్తారు. ఆ గీత నడిచేది పాట గడియారం ప్రకారం. మనకు కావలసింది అక్షరం గడియారం.

తేడా చూడండి. ఒక చరణంలో సెకనుకు ఎనిమిది అక్షరాలు పడుతున్నాయనుకుందాం. ఒక్కో అక్షరానికి 125 మిల్లీ సెకన్లు. రెండు సెకన్ల రివర్బ్‌లో ఏ క్షణంలో చూసినా పదహారు అక్షరాల అవశేషాలు కలిసి ఉంటాయి. కొన్ని ఇప్పుడే పుట్టినవి, కొన్ని ఆరిపోతున్నవి. ఆటోమేషన్‌తో సైడ్ పెంచితే ఆ పదహారూ ఒకేసారి విచ్చుకుంటాయి. పాతవాటితోపాటు ఈ క్షణాన పలికిన హల్లు కూడా అంచులకు జారిపోతుంది. వయసు ప్రకారం వెడల్పు మారాలంటే, పాత అక్షరం విచ్చుకుంటూ ఉండగానే కొత్త అక్షరం ఇరుకుగా మొదలవ్వాలి. ఇది రివర్బ్ తిరిగి వచ్చే రిటర్న్ ట్రాక్ మీద గీత గీస్తే రాదు. రివర్బ్ కడుపులోనే జరగాలి.

దీనికి అన్నిటికంటే తేటగా ఉండే దారి కన్వల్యూషన్, అంటే ఒక హాలు జవాబును రికార్డు చేసిన ఫైల్‌తో రివర్బ్ ఇవ్వడం. ఇంపల్స్ రెస్పాన్స్ అంటే ఒక చప్పట్లాంటి చిన్న శబ్దానికి హాలు ఇచ్చిన పూర్తి జవాబు. ఆ ఫైల్‌లో కుడివైపుకు వెళ్లినకొద్దీ అక్షరం వయసు పెరుగుతున్నట్టే. కాబట్టి ఆ ఫైల్ మీద మీరు ఏ ఆకారం దిద్దితే, ప్రతి అక్షరానికీ విడివిడిగా ఆ ఆకారమే వర్తిస్తుంది. ఎడమ కుడుల మధ్య పోలిక పెద్దగా లేని ఒక స్టీరియో ఫైల్ తీసుకోండి. దాన్ని మిడ్, సైడ్‌గా విడగొట్టండి. మొదటి 30 మిల్లీ సెకన్లు సైడ్‌ను 7.4 డెసిబెల్స్ దించి, మిడ్‌ను 2.6 డెసిబెల్స్ పెంచండి. అక్కడి నుంచి 250 మిల్లీ సెకన్లు వచ్చేసరికి రెండింటినీ నునుపుగా సున్నాకు తీసుకురండి. తిరిగి ఎడమ, కుడిగా మార్చి సేవ్ చేయండి. మెట్టులా కాకుండా వంపులా గీయడం ముఖ్యం. మెట్టు పెడితే ప్రతి అక్షరం వెనకా ఒక చిన్న కుదుపు వినిపిస్తుంది.

మిడ్‌ను ఎందుకు పెంచమన్నాను? సైడ్ మాత్రమే దించి తర్వాత పైకి తెస్తే మొత్తం శక్తి కూడా మారిపోతుంది. అప్పుడు వెడల్పు పెరిగిందనుకుంటాం, నిజానికి పెరిగింది మోత. చెవి ఈ రెండింటినీ చాలా సులభంగా కలగలిపేస్తుంది. పైన చెప్పిన అంకెలతో సైడ్, మిడ్ కంటే సరిగ్గా 10 డెసిబెల్స్ కింద మొదలవుతుంది, మొత్తం శక్తి మాత్రం మారదు. కోరిలేషన్ 0.82 దగ్గర మొదలై సున్నాకు దిగుతుంది. వింటున్నప్పుడు రివర్బ్ పెరిగినట్టు అనిపించకూడదు, గది తెరుచుకున్నట్టు అనిపించాలి.

కన్వల్యూషన్ లేనివాళ్లకు రెండు సెండ్ల పద్ధతి ఉంది, అంటే గొంతును రెండు వేరువేరు రివర్బ్‌లకు పంపడం. ఒకటి 0.4 సెకన్ల చిన్న గది, వెడల్పు బాగా తక్కువ. రెండోది 70 మిల్లీ సెకన్ల ప్రీడిలేతో (ఆలస్యంగా మొదలయ్యేలా) పెద్ద హాలు, పూర్తి వెడల్పు. మొదటిది ఆరుతుండగా రెండోది లేస్తుంది. అతుకు దగ్గర కొంచెం సర్దుబాటు చేసుకోవాలి, అంతే. ఏ ప్లగిన్లతోనైనా పది నిమిషాల్లో కుదిరే పని.

మూడో గడియారం ఒకటుంది, అది ఊపిరి గడియారం. రిటర్న్ సైడ్ ఛానెల్ మీద మాత్రమే మోతను అణిచే కంప్రెసర్ పెట్టి, దాన్ని రివర్బ్ లేని డ్రై వోకల్‌తో నడిపించడం. గొంతు పలుకుతున్నంతసేపు సైడ్ అణిగి ఉంటుంది, గొంతు ఆగగానే 200 నుంచి 400 మిల్లీ సెకన్లలో లేస్తుంది. ఇది అక్షరం వయసును పట్టించుకోదు, గాయని ఎప్పుడు ఆగిందన్నదే చూస్తుంది. పల్లవి చివర ఆమె ఊపిరి తీసుకునే చోట హాలు తెరుచుకోవడం చాలా అందంగా ఉంటుంది. నెమ్మది పాటల్లో నేను దీన్ని అక్షరం గడియారంతో కలిపి వాడతాను. వేగం పాటల్లో వాడను, ఎందుకంటే సందు దొరక్క సైడ్ వణుకుతూ ఉంటుంది. ఇక పాట గడియారం, అంటే ఆటోమేషన్, పల్లవికీ చరణానికీ మధ్య పెద్ద మలుపులకు పనికొస్తుంది. దాన్ని అక్కడితో ఆపాలి.

లెక్కలో దాగిన ప్రమాదం

అల్గారిథం రివర్బ్ (రికార్డు చేసిన ఫైల్ లేకుండా లెక్కతోనే పుట్టించేది) రాసేవాళ్లకు ఇంకో సులువైన దారి కనబడుతుంది: మిడ్‌కు ఒక డికే (రివర్బ్ 60 డెసిబెల్స్ దిగడానికి పట్టే సమయం), సైడ్‌కు ఇంకాస్త పొడుగు డికే ఇవ్వడం. వెడల్పు దానంతటదే కాలంతో పెరుగుతుంది. వినడానికి ముచ్చటగానే ఉంటుంది కానీ లెక్క వేసి చూడాలి. మిడ్ డికే 1.5 సెకన్లు అనుకుందాం, అంటే సెకనుకు 40 డెసిబెల్స్ చొప్పున దిగుతుంది. సైడ్ డికే 2 సెకన్లు, అంటే సెకనుకు 30 డెసిబెల్స్. సైడ్‌ను 10 డెసిబెల్స్ తక్కువలో మొదలుపెడదాం. మొదట్లో కోరిలేషన్ 0.82, అర సెకను దగ్గర 0.52. సరిగ్గా ఒక సెకనుకు రెండూ సమానమై సున్నా. ఇంతవరకూ అద్భుతం. కానీ అది అక్కడ ఆగదు. సెకనున్నర దగ్గర సైడే మిడ్‌ను 5 డెసిబెల్స్ దాటిపోయి కోరిలేషన్ మైనస్ 0.52కు జారుతుంది. డ్రమ్స్, బేస్ మోగుతున్నప్పుడు ఎవరికీ తెలియదు. గొంతు ఒక్కటే ఆగి, వెనక తంబూరా మాత్రమే ఉన్నచోట మాత్రం టెయిల్ (రివర్బ్ తోక) చివర డొల్లగా, తలకిందులుగా వినిపిస్తుంది.

మిడ్ డికేను 1.8 సెకన్లకు పెంచితే ప్రమాదం తగ్గుతుంది. కానీ అప్పుడు రెండింటి మధ్య తేడా సెకనుకు మూడు డెసిబెల్స్ చిల్లరే కాబట్టి, మొదటి సెకనులో వెడల్పు మారినట్టే తెలియదు. మనకు కావలసిన వేగం మొదటి పావు సెకనులో, ఆ తర్వాత నిలకడ. రెండు డికేల పద్ధతి దీనికి విరుద్ధంగా నడుస్తుంది. అందుకే మిడ్, సైడ్ సమానమైన చోట ఆగిపోయే ఎన్వలప్ (కాలంతో మారే వంపు) గీసే పద్ధతులే మేలంటాను.

ఇదే లెక్కలో మోనో సంగతీ ఉంది. ఊళ్లో పెళ్లిళ్లకు, వినాయకుడి నిమజ్జనానికి పెట్టే బాక్సులు చాలాచోట్ల మోనోలోనే మోగుతాయి. చిన్న బ్లూటూత్ స్పీకర్లు కూడా చాలావరకు అంతే. మోనోలో సైడ్ పూర్తిగా మాయమవుతుంది, మిడ్ ఒక్కటే మిగులుతుంది. మిడ్, సైడ్ సమానంగా ఉన్నచోట రివర్బ్ 3 డెసిబెల్స్ తగ్గుతుంది. పై రెండు డికేల ఉదాహరణలో ఇంకో విచిత్రం: రివర్బ్ తగ్గడమే కాదు, పొట్టిదవుతుంది కూడా. స్టీరియోలో రెండు సెకన్లు వినిపించిన హాలు వీధి బాక్సులో సెకనున్నర హాలు అవుతుంది. ఎన్వలప్ పద్ధతిలో డికే మారదు. తొలి భాగం ఎలాగూ మిడ్‌లోనే ఉంది కాబట్టి అది చెక్కుచెదరదు, తర్వాతి భాగమే కొంచెం పలచబడుతుంది. పాట మోనోలో కాస్త పొడిగా, దగ్గరగా వినిపిస్తుంది. మాట మాత్రం చెడదు. పాట ఎక్కువమందికి చేరేది ఆ బాక్సుల్లోంచే అయినప్పుడు ఇది చిన్న లాభం కాదు.

లోతు స్వరాల దగ్గర హెడ్‌ఫోన్స్, స్పీకర్లు రెండు దిక్కులకు లాగుతాయి. 100 హెర్ట్జ్ అల పొడవు దాదాపు మూడున్నర మీటర్లు, మన చెవుల మధ్య దూరం పదిహేడు పద్దెనిమిది సెంటీమీటర్లు. నిజమైన హాల్లో ఆ అలను రెండు చెవులూ దాదాపు ఒకేలా వింటాయి. తల అడ్డును లెక్కలోకి తీసుకోకపోతే, ఒక కిలోహెర్ట్జ్ దగ్గరికి వెళ్తే గానీ ఆ పోలిక సున్నాకు రాదు. హెడ్‌ఫోన్స్‌లో 100 హెర్ట్జ్ దగ్గర కూడా ఎడమ, కుడి పూర్తిగా వేరుగా ఉంటే అందుకే ఇబ్బందిగా ఉంటుంది. స్పీకర్ల మీద ప్రతి చెవీ రెండు స్పీకర్లనూ వింటుంది కాబట్టి లోతు స్వరాల తేడా గదిలోనే కరిగిపోతుంది. లెక్సికాన్ సంస్థ రివర్బ్‌లు రూపొందించిన డేవిడ్ గ్రీసింగర్ స్పీకర్ల విషయంలో లోతుల్లోనే సైడ్ కావాలని గట్టిగా చెప్పినవాడు. ఈ రెండింటి మధ్య నేను సైడ్‌ను 200 హెర్ట్జ్ కింద పూర్తిగా కోసెయ్యను, ఆరు డెసిబెల్స్ దించి వదిలేస్తాను.

తెలుగు పాటకు ప్రత్యేకమైన ఒక సంగతి. మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. కాబట్టి పంక్తి చివర రివర్బ్‌లో మిగిలేది ఒక ‘ఆ’నో ‘ఓ’నో, అంటే శుద్ధమైన స్వరం. హల్లుల గరగర హాల్లోని అన్ని ఫ్రీక్వెన్సీలనూ తడుతుంది కాబట్టి ఎడమ కుడుల తేడాలు సగటుకు వచ్చి నునుపుగా పరుచుకుంటాయి. కదలని స్వరం అలా కాదు. దాని ఒక్కో హార్మోనిక్‌కు (స్వరంలో కలిసి ఉండే ఉపస్వరానికి) ఎడమ కుడుల మధ్య ఒక్కో తేడా స్థిరపడిపోయి, మొత్తం టెయిల్ ఒక పక్కకు ఒరిగినట్టు వినిపించవచ్చు. పంక్తి చివర గమకం ఉంటే స్వరం కదులుతూ ఉంటుంది కాబట్టి ఈ ఒరుగుడు దానంతటదే చెదిరిపోతుంది. గమకం లేకుండా తిన్నగా నిలిపిన చోట రివర్బ్‌లో మాడ్యులేషన్, అంటే స్వరాన్ని అటూఇటూ కదిలించే గుణం, కొద్దిగా కలపాలి. కన్వల్యూషన్‌లో ఆ సదుపాయం సాధారణంగా ఉండదు. అలాంటి పాటలకు రెండు సెండ్ల పద్ధతిలో రెండో హాలును అల్గారిథం రివర్బ్‌తో చేయడం నాకు నచ్చుతుంది.

డప్పుకు మాత్రం ఆకారాన్ని తిరగేస్తాను. దెబ్బ పడగానే తొలి ప్రతిఫలనాలు వెడల్పుగా విరజిమ్మాలి, ఆ తర్వాత టెయిల్ మధ్యకు ముడుచుకోవాలి. అలా చేస్తే తర్వాతి దెబ్బకు అంచులు ఖాళీగా ఉంటాయి, ప్రతి దెబ్బా కొత్తగా విచ్చుకుంటుంది. ఎడమ పక్కకు జరిపిన (పాన్ చేసిన) వీణకు ఇంకో రకం కదలిక కావాలి. దాని రివర్బ్ ముందు ఎడమనే పుట్టి మెల్లగా కుడికి పాకాలి. ఎడమ, కుడి ఇన్‌పుట్లను లోపల విడిగా ఉంచే ట్రూ స్టీరియో రివర్బ్‌లో, లోపలి లూప్ ప్రతి చుట్టుకూ కొంచెం కొంచెం అవతలి పక్కకు శక్తిని వదులుతూ పోతే ఇది జరుగుతుంది. ఇన్‌పుట్‌ను ముందే మోనో చేసే రివర్బ్‌లో ఎంత తిప్పినా రాదు. వీణ ఎక్కడున్నా దాని హాలు నడిమధ్యనే పుడుతుంది.

గొంతుకు గీసిన ఎన్వలప్ సరిగ్గా కుదిరిందో లేదో చూడటానికి, డ్రై ట్రాక్, మిడ్ రెండూ మ్యూట్ చేసి సైడ్ ఒక్కటే వినండి. అచ్చులు వినిపించాలి, పదాలు పోల్చుకోలేనంత మెత్తగా. ‘స’, ‘శ’, ‘చ’ల పదును అందులో తెలుస్తోందంటే సైడ్ త్వరపడి తెరుచుకుంటున్నట్టు. వంపు మొదలయ్యే చోటును 30 నుంచి 50, 60 మిల్లీ సెకన్లకు జరపండి. ఏమీ వినిపించకుండా చాలాసేపటికి గాని లేవకపోతే చివరను 250 నుంచి 180 దాకా దగ్గరికి లాగండి.